విజ్ఞానతపస్వి యల్లాప్రగడ సుబ్బారావుగారు

పొలము దున్నినవాడొకడు, అడంగలులో పేరెక్కినవాడు మరియొకడు అయినచో ఎంత కలత పుట్టునో పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. పంట పండినది నిజము, గాదె నిండినది నిజము. కాని పండించిన చేతిని గూర్చి తుదకు సాక్ష్యము చెప్పునది వ్రాత యొక్కటియే. సాక్షులు గతించుదురు, జ్ఞాపకములు మాసిపోవును, కాగితము మిగిలినచో సత్యము మిగులును. ఈ నియమము పొలములకే గాక విద్యకును చెల్లును. ఎందరి ప్రాణములనో నిలిపిన ఔషధముల పుట్టుకకు కారకులై, స్వదేశమున చిరకాలము పేరెరుగబడక గతించిన తెలుగుబిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము ఇందుకు తార్కాణము.

మన సీమకు వ్రాతప్రతుల విలువ క్రొత్తది కాదు. 1800 సంవత్సరమున నిజాము ప్రభువు ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంపినీవారికి దత్తము చేసిన పిమ్మట, సర్వే పనిమీద వచ్చిన కాలిన్ మెకంజీ దొర కావలి సోదరులు మొదలగు తెలుగు పండితుల సాయమున గ్రామ చరిత్రములను సేకరించెను. కరణముల యిండ్లలోని దండకవిలెలను చూచి, వృద్ధుల నడిగి, కైఫీయతులు వ్రాయించెను. తరువాతి కాలమున బ్రౌను దొర వానిలో పెక్కింటికి నకళ్లు తీయించెను. నేడు దత్తమండలములలోని ఒక దుర్గమును గూర్చిగాని, ఒక చెరువును గూర్చిగాని నాలుగు మాటలు చెప్పుటకు వీలు కలుగుచున్నదన్న, అందు పెద్దపాలు ఆ కట్టల చలవయే.

గ్రామముల విషయమున మెకంజీ చేసిన పనినే, విజ్ఞానశాస్త్రము బోధించు ఆచార్యుల విషయమున గొప్ప విశ్వవిద్యాలయములు నేడు చేయుచున్నవి. ఆచార్యుని ప్రయోగ పుస్తకములను, ఉత్తరములను, పాఠముల చిత్తుప్రతులను ఏరి కూర్చి పత్రభాండాగారములలో భద్రపరచుచున్నవి. అట్టి భాండాగారములకు పేరుపొందిన హార్వర్డు విశ్వవిద్యాలయముననే సుబ్బారావుగారు తమ యౌవనమును ధారపోసిరి. కావున వారి జీవితమును చదువునపుడు, వారు చేసిన పనితోపాటు ఆ పనికి సాక్ష్యము ఎట్లు నిలిచినదో కూడ గమనింపవలెను.

బాల్యము – విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. సంసారము పెద్దది, సంపాదన చిన్నది. పదుమూడేండ్ల ప్రాయమున కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచిరనియు, తల్లి వెనుకకు రప్పించి బడిలో కూర్చుండబెట్టెననియు చెప్పుదురు. చదువు మొదట వారికి అంత సులభముగ లొంగలేదు. రాజమహేంద్రవరమున చదివి, తుదకు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవ పర్యాయమున మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులైరి. పరీక్షలో తప్పిన బాలురు, వారి తల్లిదండ్రులు ఈ సంగతిని మరువరాదు.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. ఆ కాలమున మన అనంతపురమునందలి దత్తమండల కళాశాల యింకను క్రొత్తది. అది 1916లో స్థాపింపబడినది. ఉన్నతవిద్య కోరు తెలుగు బాలురలో పెక్కుమందికి మద్రాసే శరణ్యము. అచ్చట సుబ్బారావుగారి మనస్సు శ్రీరామకృష్ణ మఠము వైపు మరలెను. సన్యసింపవలెనని తలచిరి, తల్లి సమ్మతింపలేదు. రోగార్తులకు సేవచేయుటయు ఈశ్వరసేవయే యని యెంచి వైద్యకళాశాలలో చేరిరి. చదువు వ్యయమును కొంత మిత్రులు, కొంత తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు భరించిరి. వారి కుమార్తె శేషగిరిగారు సుబ్బారావుగారి ధర్మపత్ని.

అవి గాంధీమహాత్ముడు విదేశవస్త్ర బహిష్కారమునకు పిలుపునిచ్చిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడిగికొని పోవుచుండిరి. అది శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు రుచింపలేదు. వ్రాతపరీక్షలలో సమర్థతను చూపినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రము దక్కెను. ఒక మనుష్యుని యోగ్యతను గూర్చి కాగితము అసత్యము పలుకుట వారి జీవితమున ఇది మొదటిమాటు, కడపటిమాటు కాదు.

ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము దొరకలేదు. మద్రాసునందు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, ఆయుర్వేద ఔషధములను నవీన పద్ధతిని పరిశోధింపవలెనని తహతహలాడుచుండిరి. ఆ సంవత్సరములలోనే వారి కుటుంబముపై పిడుగు పడెను. సోదరులు పురుషోత్తముగారు, కృష్ణమూర్తిగారు కొద్దిదినముల యెడములోనే స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. అది మనవారు సంగ్రహణి యని పిలుచు జాతి రోగము. తిన్న ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనుష్యుడు ఎండి కట్టెయగును. ఈ రోగమునకు మందేదియను ప్రశ్న అన్నదమ్ముల చితిమంటలలో పుట్టి, సుబ్బారావుగారిని సముద్రములు దాటించెను.

హార్వర్డు దినములు

1920 తరువాతి తొలి సంవత్సరములలో, మామగారు కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు కొంత సాయము చేయగా, సుబ్బారావుగారు భార్యను పుట్టినింట విడిచి అమెరికా దేశమునందలి బోస్టను నగరము చేరిరి. త్వరలో మరలివత్తునన్న ఆశ యిచ్చి పోయిరి గాని, మరల స్వదేశమును చూడలేదు. శేషగిరిగారు భర్తకొరకు ఎదురుచూచుచునే జీవితము గడపిరి. మహాకార్యములకు మూల్యము చెల్లించువారిలో ఇంటియందు మిగిలినవారి పేర్లు చరిత్రమున ఎక్కుట అరుదు. ఆమె పేరిక్కడ చెప్పక విడుచుట న్యాయము కాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్య పాఠశాలలో చేరి 1924లో డిప్లొమా పొందిరి. భారతదేశపు ఎల్.ఎం.ఎస్. పట్టముతో అమెరికాలో వైద్యవృత్తి చేయుటకు వీలులేదు. ఉపకారవేతనమును లేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో సేవకవృత్తి. రోగుల మలమూత్ర పాత్రలను కడిగి పొట్ట పోసికొనిరి. ఆ పని తక్కువదని వారెన్నడును తలచినట్లు కానరాదు.

అటుపిమ్మట సైరస్ ఫిస్కే అను ఆచార్యునివద్ద జీవరసాయనశాఖలో పరిశోధన ఆరంభించిరి. వారి తొలి ఘనకార్యము 1925లో వెలువడెను. రక్తమునందుగాని మూత్రమునందుగాని భాస్వరమెంత యున్నదో కొలుచుట ఆనాడు కష్టసాధ్యము. ఫిస్కే, సుబ్బారావుగార్లు కనిపెట్టిన పద్ధతి యిట్టిది: పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డినమనెడి లోహమునుండి చేసిన ఆమ్లద్రవమును కలిపి, పిమ్మట మరియొక రసాయనమును చేర్చిన నీలివర్ణము పుట్టును. భాస్వరము హెచ్చుకొలది నీలము చిక్కనగును. భాస్వరమెంత యున్నదో ముందే తెలిసిన ద్రవపు రంగుతో ఈ రంగును పోల్చిన, రోగి రక్తమునందలి పరిమాణము తేలును. అద్దకపువాడు నీలిబానలో ముంచిన నూలు రంగును చూచి పాకము చెప్పినట్లే. ఫిస్కే – సుబ్బారావు పద్ధతి యను పేర అది భూమండలమందలి ప్రయోగశాలలకు ప్రాకెను. వైద్యవిద్యార్థుల పుస్తకములలో ఆ పేరు నేటికిని కలదు.

ఆ పద్ధతియే చేతిదివ్వెగా కండరములలోనికి చూపు సారించిరి. కండరము పనిచేయుటకు వలయు శక్తి లాక్టిక్ ఆమ్లము పుట్టుట వలన కలుగునని ఆ కాలపు పండితుల మతము. ఆ మార్గమున కృషిచేసిన హిల్, మేయర్‌హోఫ్ పండితులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతియు లభించియుండెను. 1927లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండరమున ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమున్నదని, కండరము పనిచేయునపుడు అది విడిపోవుననియు, విశ్రమించినపుడు మరల కూడుననియు చూపిరి. ఇంగ్లండునందు ఎగుల్టన్ దంపతులును ఆ కాలముననే ఈ వస్తువును గుర్తించిరి. 1929లో మరియొక పదార్థమును వేరుచేసిరి. అదియే ఏ.టి.పి. అనబడు అడెనోసిన్ ట్రైఫాస్ఫేటు. అదే సంవత్సరమున జర్మనీయందు కార్ల్ లోమన్ అను పండితుడు వేరుగ పనిచేసి దానినే కనుగొనెను. చీమ నడచుటకు, మొలక నేలను చీల్చుకొని పైకి వచ్చుటకు, మనుష్యుడు రెప్పవేయుటకు అవసరమగు శక్తి చేతులు మారునది ఈ పదార్థము ద్వారమునే యని తరువాతి కాలమున స్థిరపడెను.

1930లో హార్వర్డు సుబ్బారావుగారికి పి.హెచ్.డి. పట్టము నొసగెను. కాని స్థిరమైన ఆచార్యపదవి నొసగలేదు. మరి పదేండ్లు అచ్చటనే చిన్న పదవులలో నుండి, కార్జమునుండి పాండురోగమునకు మందు తీయవలెనని పాటుపడిరి. ఆ సంవత్సరములలో వారు కనుగొన్నవి కొన్ని వెలుగు చూడలేదు. ఫిస్కే వద్దనే ఆ దినములలో చదివి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచ్చింగ్సు తరువాతి కాలమున దీనికి సాక్ష్యమిచ్చెను. సుబ్బారావుగారు వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని ఫిస్కే వెలువడనీయకపోవుటచే, ఏండ్లు గడచిన పిమ్మట ఇతరులు మరల కొత్తగ కనిపెట్టవలసి వచ్చినదని ఆయన చెప్పెను. సహాధ్యాయి బ్రతికియుండి, కీర్తిమంతుడై, నోరు విప్పుటచే ఈ మాట లోకమునకు తెలిసెను. అట్టి భాగ్యము అందరికి పట్టదు.

పత్రభాండాగారమనగా నేమి

సాక్షి లేనిచోట కాగితము సాక్షి కావలెను. అందులకే విశ్వవిద్యాలయములు పత్రభాండాగారములను నెలకొల్పినవి. ఇవి గ్రంథాలయములకు తోబుట్టువులు, కాని స్వభావము వేరు. గ్రంథాలయమందలి పుస్తకమునకు లోకమున వేయి ప్రతులుండును. ఒకటి చిరిగిన మరియొకటి కొనవచ్చును. భాండాగారమందలి ప్రయోగ పుస్తకము ఒక్కటియే. అది చెదలపాలైనచో మరల పుట్టదు.

ఆచార్యుడు పదవి విరమించినపుడుగాని, పరమపదించినపుడుగాని, ఆయన గదిలోని కాగితములను భాండాగారపు అధికారులు స్వీకరింతురు. మొదట అవి ఎవరివి, ఎచ్చటనుండి వచ్చినవి అని వ్రాసికొందురు. యజమాని కట్టలను ఏ వరుసలో ఉంచుకొనెనో ఆ వరుసను చెరుపరు. ఏలయన ఏ ఉత్తరము ప్రక్క ఏ లెక్క యుండెనో ఆ పొరుగే ఒక్కొక్కప్పుడు రహస్యమును విప్పును. త్రుప్పుపట్టు గుండుసూదులను తీసివేయుదురు. ఆమ్లము లేని కాగితపు మడతలలోనుంచి, పెట్టెల కెక్కించి, ఏ పెట్టెలో ఏమున్నదో పట్టిక వ్రాయుదురు. చెమ్మయు వేడియు హెచ్చని గదులలో దాచుదురు. చదువవచ్చినవారు సిరాకలము తీయరాదు, పెన్సిలుతోనే వ్రాసికొనవలెను.

బ్రతికియున్నవారి గౌరవమునకు భంగము కలుగకుండ గడువులును కలవు. హార్వర్డునందు విశ్వవిద్యాలయ పరిపాలన పత్రములు 50 సంవత్సరములు, విద్యార్థులు, ఉద్యోగులు మొదలగు వ్యక్తులకు సంబంధించిన పత్రములు 80 సంవత్సరములు మూసియుంచుట నియమము. 1930లో పట్టము పొందిన విద్యార్థి పత్రములకు ఆ లెక్కన 2010తో గడువు తీరును. ఎనుబదియేండ్ల పిమ్మట విప్పబడు కట్టకొరకు నేడు శ్రమించు ఉద్యోగి, తాను తినని మామిడికి నీరు పోయువాడే.

అచ్చుపడిన వ్యాసము వండి వడ్డించిన విస్తరి వంటిది. అందు పాకము మాత్రము కనబడును. చేయి కాలినది, పొయ్యి ఆరినది, ఎవరు నీరు తెచ్చిరో, ఎవరు పిండి విసరిరో కనబడదు. ఆ సంగతులన్నియు ప్రయోగ పుస్తకమున నుండును. తప్పిన ప్రయోగములును, వాని తేదీలును, వ్రాసిన చేతి అక్షరములును అందే యుండును. అందువలననే పరిశోధకుని నిజచరిత్రకు అచ్చుపుస్తకము చాలదు.

దీనికి మన దక్షిణదేశపు దృష్టాంతమే యొకటి కలదు. గణితవేత్త శ్రీనివాస రామానుజము 1920లో స్వర్గస్థుడయ్యెను. ఆయన కడపటి కాలపు కాగితములు కొన్ని మద్రాసు విశ్వవిద్యాలయమునుండి 1923లో ఇంగ్లండునందలి హార్డీ పండితునకు పంపబడి, పిమ్మట వాట్సను అను గణితాచార్యుని చేత చిక్కెను. వాట్సను 1965లో మరణించినపుడు ఆయన గదియందలి చెత్తకాగితములతోపాటు ఇవియు అగ్నిపాలు కావలసినవే. చూడవచ్చిన మరియొక పండితుడు గుర్తించి తీయగా, 1968లో కేంబ్రిడ్జియందలి ట్రినిటీ కళాశాల గ్రంథాలయము చేరెను. 1976లో ఆండ్రూస్ అను అమెరికా గణితవేత్త ఒక పెట్టె విప్పి, నూటికి పైబడిన ఆ పుటలను చూచి, అందలి వందలకొలది సూత్రములను లోకమునకు చాటెను. కొన్ని దినములు ఆలస్యమైన ఆ గణితమంతయు బూడిదయై యుండును.

పెర్ల్ రివర్ – ఔషధములు

సుబ్బారావుగారు 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలో పరిశోధనాధ్యక్షులైరి. ఇప్పుడు వారి చేతిక్రింద పెక్కుమంది రసాయనవేత్తలు, వైద్యులు. సొంత పేరుకై పాకులాడక, సహచరులకు దారిచూపి వారి పేరనే వ్యాసములు వెలువరింప జేయుట వారి స్వభావము.

మొదటి ఫలము ఫోలిక్ ఆమ్లము. సత్యము చెప్పవలెనన్న ఇది యొక్కరి సొత్తు కాదు. బొంబాయియందు మిల్లు కూలి స్త్రీలకు గర్భకాలమున కలుగు పాండురోగమును పరిశీలించి, ఈస్టునందు దానిని కుదుర్చు గుణమున్నదని 1931లో చాటినది లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు. 1941లో టెక్సస్ పండితులు పాలకూరజాతి ఆకులనుండి ఆ వస్తువును సంగ్రహించి పేరు పెట్టిరి. దాని నిర్మాణమును తేల్చి, ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేయు మార్గమును 1945లో సాధించినది సుబ్బారావుగారి బృందము. 1946లో దానిని వివరించిన వ్యాసమునకు పదునారుగురు కర్తలు. అందు నాయకుని పేరు ఏడవది. వ్యాసము మాత్రమే చూచినవాడు ఆ ఏడవవాడు ఎవరో ఎట్లెరుగును?

ఆ ఫోలిక్ ఆమ్లము స్ప్రూ వ్యాధికి పనిచేయునని త్వరలోనే తేలెను. ఇరువది సంవత్సరములకు పూర్వము ఇద్దరు సోదరులను మ్రింగిన రోగమునకు మందు, మిగిలిన సోదరుని ప్రయోగశాలనుండియే వెలువడెను. ఆలస్యముగ దొరికిన ఆ మందు తన యింటికి చెందకపోయినను, లోకమందలి ఇతరుల యిండ్లకు చెందెను. నేడు మన పల్లెలలో గర్భవతులకు ఆశా కార్యకర్తలు పంచిపెట్టు ఇనుము మాత్రలో కలిసియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. కరవుసీమలో జొన్నసంకటి, రాగిసంకటి తిని ఎండలో కూలిచేయు తల్లి కడుపులోని శిశువునకు అది రక్షరేకు వంటిది.

రెండవది ఆ ఆమ్లమునకు విరుగుడు. క్యాన్సరు కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పోలియుండియు పనిచేయని నకిలీవస్తువు నిచ్చినచో కణములు మోసపోయి నశించును. అట్టి అమైనోప్టెరిన్ అను పదార్థమును లెడర్లీ రసాయనవేత్తలు తయారుచేసి బోస్టనునందలి సిడ్నీ ఫార్బరు వైద్యునకు పంపిరి. 1947 డిసెంబరు మొదలు రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన బిడ్డలకు ఆయన దానినిచ్చెను. పదునారుగురిలో పదిమంది కొంతకాలము తేరుకొనిరని 1948లో ప్రకటించెను. అది శాశ్వతమైన నివారణ కాకపోయినను, ఔషధముచే క్యాన్సరును లొంగదీయవచ్చునని చూపిన తొలి జయములలో నొకటి. దాని సోదరియైన మెథోట్రెక్సేటును క్యాన్సరునకును కీళ్లవాతమునకును వైద్యులు నేటికిని వాడుచున్నారు.

మూడవది హెట్రజాన్ అను డైఇథైల్ కార్బమజైన్. 1947లో ప్రకటింపబడిన ఈ మందు బోదకాలు కలిగించు సూక్ష్మక్రిములను చంపును. సుబ్బారావుగారు పుట్టిన గోదావరీతీరము ఆ రోగమునకు ఆటపట్టు. భారతప్రభుత్వము బోదకాలు నివారణకు ఏటేట ప్రజలకు పంచు మాత్రలలో ఇది ముఖ్యమైనది.

నాలుగవది ఆరియోమైసిన్. లెడర్లీలో చేరిన వృద్ధ వృక్షశాస్త్రాచార్యుడు బెంజమిన్ డగ్గరు దేశమందలి పలుచోట్లనుండి మన్ను తెప్పించి పరీక్షించుచుండెను. మిసూరీ విశ్వవిద్యాలయపు సాన్‌బర్న్ పొలమునుండి వచ్చిన మంటిలో దొరికిన యొక సూక్ష్మజీవి బంగారువన్నె గల ఔషధమును స్రవించెను. అది టెట్రాసైక్లిన్ కుటుంబమున జ్యేష్ఠ. ఎరువు వేయని పొలపు పిడికెడు మట్టి యెక్కడిదో, ఏ సంచిలో వచ్చినదో గుర్తువ్రాసి యుంచుటచేతనే దాని పుట్టుపూర్వోత్తరములు నేడు చెప్పుటకు వీలైనది.

1948 జూలైలో ఆరియోమైసిన్ సంగతి పండితసభలో ప్రకటింపబడెను. నెల తిరుగకముందే, ఆగస్టునందు, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్నుమూసిరి. వయస్సు 53 సంవత్సరములు. ఆ దేశపు పౌరసత్వమును పొందకయే, ఈ దేశమునకు మరలకయే గతించిరి. పాండురోగమందలి ఘోరజాతిని కుదుర్చు బి-12 జీవసత్త్వమును, వారు ఏండ్లతరబడి కార్జమునందు వెదకిన దానిని, అదే సంవత్సరమున ఇతర ప్రయోగశాలలవారు వేరుచేసిరి. అన్ని వెదకులాటలును వెదకినవాని చేతనే ముగియవు.

చెదరిన కాగితములు ఒక్కచోట చేరుట

1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు తాను గుర్తించిన క్రొత్త బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరిడి వారిని స్మరించెను. ఈ దేశమున మాత్రము వారి పేరు చాలకాలము కొలదిమందికే తెలియును. తుదకు ఎస్.పి.కె. గుప్త అను పత్రికారచయిత పూనుకొని, ఎడ్గర్ మిల్ఫర్డుగారి తోడ్పాటుతో వారి సమగ్ర జీవితచరిత్రమును రచించి 1987లో వెలువరించిరి. సుబ్బారావుగారు మరణించి అప్పటికి 39 సంవత్సరములు. ఇంకొక ఇరువదియేండ్లు కడచియుండిన, వారితో పనిచేసినవారిలో చెప్పువారెందరు మిగిలియుందురు? శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము వారి చిత్తరువుతో తపాలబిళ్ల ముద్రించెను.

వారి జీవితమున కాగితము ఎన్ని మారులు అడ్డు వచ్చెనో, అన్ని మారులు కాగితమే ఆదుకొనెను. ఖద్దరు తొడిగినందుకు పట్టము తగ్గించినది ఒక కాగితము. ఏడవ స్థానమున పేరు దాచినది మరియొకటి. కాని 1925 నాటి పద్ధతియందు పేరు నిలిపినదియు కాగితమే. చెదరిన సాక్ష్యములను ఒక్కచోట చేర్చి న్యాయము చేసినదియు కాగితమే. వ్రాత పక్షపాతము చూపవచ్చును. దానిని సరిదిద్దుటకు మరియొక వ్రాత కావలెను. ఒక్క కట్టయే మిగిలిన తగవు తీరదు. అన్ని కట్టలు మిగిలిననే తీరును.

తెలుగునాట విజ్ఞానశాస్త్రమునకు పేరు తెచ్చిన ఆచార్యులు మరెందరో కలరు. భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు, కొచ్చెర్లకోట రంగధామరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున వందలమందికి గురువులైరి. మన అనంతపురమున 1981లో విశ్వవిద్యాలయము వెలసినది. ఇట్టి విద్యాపీఠముల ఆచార్యుల ప్రయోగ పుస్తకములు, ఉత్తరములు ఇంటివారు తూకమునకు అమ్మివేయకుండ భాండాగారములకు చేరవలెను. ఇది ప్రభుత్వమును, విశ్వవిద్యాలయములను అడుగవలసిన పని.

పల్లెలో చేయవలసిన పనియు కలదు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పటినుండి ఊరూర పుస్తకము చేర్చుట పుణ్యకార్యముగ పెద్దలు సాగించిరి. కల్యాణదుర్గపు మెట్టనేలలలో వానలెక్క వ్రాసిన పుస్తకము, బావులు ఏ సంవత్సరము ఎంత లోతున ఎండినదో వ్రాసికొన్న రైతు చిట్టా, బడిపంతులు తన శిష్యులను గూర్చి వ్రాసిన దినచర్య, నాటువైద్యుని మందుల చిట్టీలు, కరణపు ఉద్యోగము 1984లో రద్దయిన పిమ్మట అటకలెక్కిన పాత లెక్కల నకళ్లు — వీనిని ఏ అంగడిలోను కొనలేరు. ఒక బీరువా, వేపాకు, పొడిగుడ్డ, తేదీయు ఇచ్చినవారి పేరును వ్రాయు ఒక పట్టిక చాలును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు రాబోవు ఇరువదియైదేండ్లకు ఇంతకంటె తగిన సంకల్పము వేరొకటి లేదు.

సుబ్బారావుగారివంటి బాలుడు మూడవమారు పరీక్షకు కూర్చున్నవాడు ఈ సీమయందును ఏ అరుగుమీదనో చదువుకొనుచుండవచ్చును. వాని తొలి నోటుపుస్తకమును పారవేయకుండుట మనవంతు.